డ్రాఫ్ట్ దశలో ఉన్న క్వెరీ భాషా ప్రమాణాన్ని చదవడం, అందులో నియమాలను బాగుచేయడం: సమగ్ర మార్గదర్శి

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో డేటాబేస్‌ను సమాచారం అడిగే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకుని, మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో రోజంతా క్వెరీలు రాసేవాళ్లు ఈ ఊళ్లో వేలమంది ఉన్నారు. ఆ భాషకు ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉందని వాళ్లలో చాలామంది విన్నారు. అది ఎలా మారుతుందో, మారేటప్పుడు మనం మాట చెప్పొచ్చో లేదో తెలిసినవాళ్లు తక్కువ. చెప్పొచ్చు. దానికి డేటాబేస్ ఇంజిన్ రాసిన అనుభవమే ఉండాలని లేదు. ఒక నియమాన్ని ఓపిగ్గా చదివి, అది ఎక్కడ తడబడుతుందో చూపించి, బదులుగా ఏం రాయాలో రాసివ్వగలిగితే చాలు. ఈ వ్యాసం ఆ పని నేర్పడానికే.

మొత్తం పనికి ఆధారం ఒక ప్రశ్న. ఈ వాక్యాన్ని చదివి ఇద్దరు జాగ్రత్తపరులైన ఇంజనీర్లు విడివిడిగా రెండు ఇంజిన్లు కడితే, ఒకే పట్టిక మీద ఒకే క్వెరీకి రెండు వేర్వేరు జవాబులు రావచ్చా? రావచ్చు అంటే, ఆ తేడాను కావాలనే వదిలారా, చూసుకోక వదిలారా? డ్రాఫ్ట్ చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్నను పక్కన పెట్టకండి.

డ్రాఫ్ట్ ఏ దశలో ఉందో ముందు చూడండి

ఎస్‌క్యూఎల్ ప్రమాణం సంఖ్య ఐఎస్ఓ/ఐఈసీ 9075. 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ, 1987లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దీన్ని మొదటిసారి వెలువరించాయి. 1992, 1999, 2003, 2011, 2016 ఎడిషన్ల మీదుగా 2023 ఎడిషన్ దాకా వచ్చింది. ఇది చాలా భాగాలున్న ప్రమాణం. మనం రోజూ రాసే సెలెక్ట్, ఇన్సర్ట్ లాంటివన్నీ రెండో భాగమైన ఫౌండేషన్‌లో ఉంటాయి. ఆ ఒక్క భాగమే వెయ్యి పేజీలు దాటుతుంది. గ్రాఫ్ డేటాబేస్‌ల కోసం జీక్యూఎల్ అనే వేరే భాష ఐఎస్ఓ/ఐఈసీ 39075 పేరుతో 2024 ఏప్రిల్‌లో వచ్చింది. రెండింటి పనీ ఒకే బృందం చూస్తుంది: జేటీసీ 1 అనే సంయుక్త కమిటీలో ఎస్‌సీ 32 అనే ఉపకమిటీ కింద ఉన్న డబ్ల్యూజీ 3 అనే పని బృందం.

డ్రాఫ్ట్ మొదట వర్కింగ్ డ్రాఫ్ట్‌గా, తర్వాత కమిటీ డ్రాఫ్ట్‌గా, ఆ తర్వాత డీఐఎస్‌గా (డ్రాఫ్ట్ ఇంటర్నేషనల్ స్టాండర్డ్), చివర ఎఫ్‌డీఐఎస్‌గా (ఫైనల్ డీఐఎస్) నడుస్తుంది. మీ కామెంట్‌కు ఎంత విలువ ఉంటుందనేది చాలావరకు ఈ దశ మీదే ఆధారపడుతుంది. కమిటీ డ్రాఫ్ట్ దశలో నియమం స్వరూపమే మార్చమని అడగొచ్చు. డీఐఎస్ ఓటింగ్ 12 వారాలు ఉంటుంది. ఆ దశలో సాంకేతిక లోపాలు ఎత్తిచూపొచ్చు గానీ, కొత్త ఫీచర్ కోరితే "తర్వాతి ఎడిషన్‌కు చూద్దాం" అనే జవాబు వస్తుంది. ఎఫ్‌డీఐఎస్ వచ్చేసరికి దాదాపు అంతా అయిపోయినట్టే, అవును కాదు అనే ఓటే మిగులుతుంది. అందుకే మీ శ్రమంతా కమిటీ డ్రాఫ్ట్ మీద పెట్టండి.

ఐఎస్ఓలో భారత్ తరఫు సభ్య సంస్థ బీఐఎస్, అంటే బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్. ఒక వ్యక్తి రాసిన కామెంట్ నేరుగా డబ్ల్యూజీ 3కి వెళ్లదు, దేశం కామెంట్‌గా బీఐఎస్ ద్వారా వెళ్తుంది. బీఐఎస్‌లో ఎలక్ట్రానిక్స్, ఐటీ విషయాలు చూసే కమిటీల్లో కంపెనీలు, కాలేజీలు సభ్యులుగా చేరొచ్చు. హైదరాబాద్‌లో బీఐఎస్ శాఖ కార్యాలయం ఉంది కాబట్టి దరఖాస్తు ఎలా చేయాలో అక్కడ అడిగి తెలుసుకోవచ్చు. ఒక జాగ్రత్త: కమిటీ డ్రాఫ్ట్‌లకు కాపీరైట్ ఉంటుంది, అవి సభ్యుల పని కోసం ఇచ్చే కాగితాలు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టేయకండి.

ఒక సబ్‌క్లాజ్‌ను విప్పి చూడటం

మొదటిసారి తెరిచినవాళ్లకు ఈ పత్రం గోడలా కనిపిస్తుంది. లోపల మాత్రం ప్రతి సబ్‌క్లాజ్, అంటే ఒక్కో అంశానికి ఇచ్చిన చిన్న విభాగం, ఒకే అచ్చులో ఉంటుంది. ముందు ఫంక్షన్ అని ఒకటి రెండు వాక్యాలు, ఇది దేనికో చెబుతాయి. తర్వాత ఫార్మాట్, అంటే బీఎన్ఎఫ్ అనే గుర్తుల పద్ధతిలో రాసిన వ్యాకరణం. ఆ వెనక సింటాక్స్ రూల్స్, యాక్సెస్ రూల్స్, జనరల్ రూల్స్, చివర కన్ఫార్మెన్స్ రూల్స్.

ఫార్మాట్‌లో కోణపు బ్రాకెట్ల మధ్య ఉన్నది ఇంకోచోట నిర్వచించిన పదం. చదరపు బ్రాకెట్లలో ఉన్నది ఐచ్ఛికం. నిలువు గీత అంటే వీటిలో ఏదో ఒకటి. మూడు చుక్కలంటే మళ్లీ మళ్లీ రావచ్చు. ఇక్కడితో ఆగిపోవద్దు. వ్యాకరణం అనుమతించిన చాలా రూపాలను కింద సింటాక్స్ రూల్స్ కొట్టేస్తాయి.

సింటాక్స్ రూల్స్‌కూ జనరల్ రూల్స్‌కూ మధ్య గీత చాలా ముఖ్యం. సింటాక్స్ రూల్ చూడగలిగేది క్వెరీ నడవకముందు తెలిసిన సంగతులనే: కాలమ్ పేర్లు, డిక్లేర్ చేసిన టైపులు, ఏది దేని లోపల ఉంది అన్నవి. విలువలు పుట్టేది జనరల్ రూల్స్‌లో. కాబట్టి ఒక సింటాక్స్ రూల్‌లో "విలువ సున్నా అయితే" అనో "వరుసల సంఖ్య ఒకటి మించితే" అనో కనిపిస్తే అక్కడ ఎరుపు పెన్నుతో గీత పెట్టండి. అది తప్పు చోట పడ్డ నియమం. సింటాక్స్ రూల్‌ను ఉల్లంఘించిన క్వెరీకి 42000 కోడ్ ఎర్రర్ రావాలి, అదీ నడవకముందే. విలువల గురించిన తప్పుకు 22012 లాంటి కోడ్ రావాలి, అది సున్నాతో భాగించినప్పటిది. నియమాన్ని ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు జరిపితే ఎర్రర్ వచ్చే సమయమూ కోడూ మారిపోతాయి, దాంతో యూజర్ ప్రోగ్రామ్ ప్రవర్తన కూడా మారుతుంది.

జనరల్ రూల్స్‌ను వరసలో చదవాలి. "కేస్" అని ఉంటే క, ఖ, గ లలో మొదట సరిపోయినదే వర్తిస్తుంది. అయితే ఇంజిన్ అచ్చం అదే వరసలో పనిచేయాలని ప్రమాణం అనదు, ఫలితం ఆ వరసలో చేసినట్టు ఉండాలంటుంది. ఫలితానికి అవసరం లేని లెక్కను ఇంజిన్ చేసినా చేయకపోయినా దాని ఇష్టం. "ఎక్స్ సున్నా కాదు, మరియు పదిని ఎక్స్‌తో భాగిస్తే ఒకటి కంటే ఎక్కువ" అని వేర్ క్లాజ్‌లో రాసి, మొదటి షరతు రెండోదాన్ని కాపాడుతుందని ధీమాగా ఉండేవాళ్లు ఎంతమందో! ప్రమాణం ఆ హామీ ఇవ్వదు. కాపాడుకోవాలంటే కేస్ ఎక్స్‌ప్రెషన్ రాసుకోవాలి.

కన్ఫార్మెన్స్ రూల్స్ రెండు వ్యతిరేక పదాలతో నడుస్తాయి: ఫలానా ఫీచర్ లేకుండా, ప్రమాణానికి లోబడిన భాషలో ఫలానాది ఉండరాదు. ఉదాహరణకు విండో ఫంక్షన్లకు సంబంధించిన మౌలిక ఫీచర్ టీ611. ఆ ఫీచర్ ఉందని చెప్పుకోని ఉత్పత్తి విండో ఫంక్షన్లు ఇవ్వకపోయినా తప్పు లేదు. కొత్త సింటాక్స్ చేర్చిన డ్రాఫ్ట్‌లో దానికి తగిన కన్ఫార్మెన్స్ రూల్ లేకపోతే, ఆ సింటాక్స్ అందరికీ తప్పనిసరి అయిపోతుంది. రాసేవాళ్లు మర్చిపోయే చోట్లలో ఇదొకటి.

ఏ మాటకు ఎంత బరువు

ఐఎస్ఓ పత్రాల్లో "షల్" అంటే తప్పనిసరి. "షుడ్" సిఫారసు. "మే" అనుమతి. "కెన్" సాధ్యం అని చెప్పడం మాత్రమే. "నోట్" అని మొదలయ్యే పేరాకూ ఉదాహరణలకూ శాసనబలం లేదు. కాబట్టి ఒక అవసరమైన షరతు నోట్‌లో మాత్రమే ఉంటే అది లేనట్టే లెక్క. దాన్ని నియమంలోకి ఎత్తమని కామెంట్ పెట్టండి. ఇలాంటి కామెంట్‌ను ఎడిటర్లు దాదాపు వాదన లేకుండా ఒప్పుకుంటారు, కొత్తగా మొదలుపెట్టేవారికి మంచి పని.

ఇంకో జంట మాటలున్నాయి, వీటి దగ్గరే చాలామంది తికమకపడతారు. ఇంప్లిమెంటేషన్ డిఫైన్డ్ అంటే ఉత్పత్తి తన ఇష్టం వచ్చినట్టు ఎంచుకోవచ్చు, కానీ ఏం ఎంచుకుందో రాసి చెప్పాలి. ఇంప్లిమెంటేషన్ డిపెండెంట్ అంటే చెప్పక్కర్లేదు, ఈరోజు ఒకలా రేపు ఇంకోలా ఉన్నా అడగడానికి లేదు. రెండోది వాడిన ప్రతిచోటా ఆగి, యూజర్ దీని మీద ఆధారపడే అవకాశం ఉందా అని చూడండి.

సగటు లెక్కించే ఏవీజీ ఫంక్షన్‌ను తీసుకోండి. మార్కులు అనే పూర్ణాంకాల కాలమ్‌లో 1, 2 అని రెండే వరుసలున్నాయి. సగటు ఎంత? పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ డేటాబేస్‌లు 1.5 అంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 1 అంటుంది. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. కచ్చితమైన సంఖ్యల సగటుకు ఫలితం టైపు కూడా కచ్చితమైనదే అయ్యి, దాని స్కేల్ (పాయింట్ తర్వాత అంకెల సంఖ్య) ఇంప్లిమెంటేషన్ డిఫైన్డ్‌గా, ఇచ్చిన టైపు స్కేల్ కంటే తక్కువ కాకుండా ఉండాలని ప్రమాణం అంటుంది. పూర్ణాంకం స్కేల్ సున్నా. సున్నా కంటే తక్కువ కాకూడదంటే సున్నా కూడా సరిపోతుంది. పాయింట్ తర్వాత అంకెలకు చోటే లేదు కాబట్టి 1.5 కాస్తా 1 అయింది.

ఇలాంటివి కలిసి చదివేటప్పుడు కొత్తగా చేరినవాళ్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది: "అన్నా, ఇంప్లిమెంటేషన్ డిఫైన్డ్ అని రాసేశారుగా, ఇంక గొడవేముంది?" దానికి నా జవాబు: "ఆ మాట రాసినంత మాత్రాన గొడవ తీరలేదు తమ్ముడూ. కింది హద్దు ఎక్కడ పెట్టారో చూడు. ఆ హద్దు దగ్గర ఏం జరుగుతుందో ఒక చిన్న పట్టిక రాసి చూపించు. అప్పుడు ఆ హద్దు సరైనదో కాదో మాట్లాడుకుందాం." "తక్కువ కాకుండా", "కనీసం", "గరిష్ఠంగా" లాంటి మాట కనిపించిన ప్రతిచోటా కచ్చితంగా ఆ హద్దు విలువనే పెట్టి చూడాలి.

నియమాన్ని చిన్న పట్టికతో నిలదీయడం

వాదించడం కంటే పట్టిక రాయడం మేలు. రెండు మూడు వరుసలు మించకుండా, నియమం నోరు విప్పక తప్పని పట్టిక కావాలి. ముందు ఖాళీ పట్టికతో మొదలుపెట్టండి: వరుసలే లేనప్పుడు కౌంట్ సున్నా ఇస్తుంది, సమ్ మాత్రం నల్, అంటే విలువ లేదనే గుర్తు ఇస్తుంది. డ్రాఫ్ట్‌లో కొత్త అగ్రిగేట్ ఫంక్షన్ (చాలా వరుసల నుంచి ఒకే విలువ తీసేది) వస్తే ఇది ఏ జట్టులో చేరుతుందో నియమం చెప్పిందా? తర్వాత అన్నీ నల్‌లే ఉన్న కాలమ్. తర్వాత ఒకేలాంటి రెండు వరుసలు. తర్వాత సున్నా పొడవు స్ట్రింగ్.

నల్ విషయంలో ట్రూ, ఫాల్స్, అన్‌నోన్ అనే మూడు విలువల తర్కం నియమం నియమానికీ వేర్వేరుగా పనిచేస్తుంది. వేర్ క్లాజ్ ట్రూ వచ్చిన వరుసలనే ఉంచుతుంది, కాబట్టి అన్‌నోన్ వస్తే వరుస పోతుంది. చెక్ కన్‌స్ట్రెయింట్ ఫాల్స్ వచ్చినప్పుడే అడ్డుపడుతుంది, కాబట్టి అన్‌నోన్ వస్తే వరుస లోపలికి వెళ్లిపోతుంది. వయసు 18 కంటే ఎక్కువ ఉండాలని చెక్ పెట్టిన పట్టికలోకి వయసే లేని వరుస హాయిగా చేరుతుంది. డ్రాఫ్ట్‌లో "షరతు తీరితే" అని మాత్రమే ఉంటే, ట్రూ అయితేనా, ఫాల్స్ కాకపోతేనా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో బయటపడే లోపాలు చాలా ఉంటాయి.

గ్రాఫ్ భాషకైతే మన మెట్రో పటమే మంచి పరీక్ష: స్టేషన్ ఒక నోడ్, పక్కపక్క స్టేషన్లను కలిపేది ఒక అంచు. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ ఎర్ర లైన్, నాగోల్ నుంచి రాయదుర్గం నీలి లైన్, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ ఆకుపచ్చ లైన్. ఎర్ర, నీలి లైన్లు అమీర్‌పేటలో, ఎర్ర, ఆకుపచ్చ లైన్లు ఎంజీబీఎస్‌లో, నీలి, ఆకుపచ్చ లైన్లు పరేడ్ గ్రౌండ్ దగ్గర కలుస్తాయి. పరేడ్ గ్రౌండ్ దగ్గరి రెండు స్టేషన్లనూ ఒకే నోడ్‌గా తీసుకుంటే, అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్, ఎంజీబీఎస్ కలిపి ఒక చక్రం ఏర్పడుతుంది. ఇప్పుడు "మియాపూర్ నుంచి నాగోల్‌కు ఎన్ని అంచులైనా దాటి వెళ్లే దారులన్నీ ఇవ్వు" అంటే? ఆ చక్రం చుట్టూ ఎన్నిసార్లయినా తిరగొచ్చు, కాబట్టి దారులకు అంతు ఉండదు. అందుకే పై హద్దు లేని పునరావృతం రాసినప్పుడు ట్రెయిల్, ఎసైక్లిక్, సింపుల్ లాంటి నిబంధన గానీ, షార్టెస్ట్ లాంటి ఎంపిక గానీ ఉండాలని జీక్యూఎల్ అంటుంది. పటం చేతిలో ఉంటే ఆ నియమం ఎందుకుందో ఎవరూ వివరించనక్కర్లేదు.

అదే పటం మీద ఇంకొంచెం లోతుకు వెళ్దాం. ట్రెయిల్ అంటే ఏ అంచూ రెండుసార్లు రాకూడదు. ఎసైక్లిక్ అంటే ఏ నోడూ రెండుసార్లు రాకూడదు. సింపుల్ అంటే ఏ నోడూ రెండుసార్లు రాకూడదు, మొదటిదీ చివరిదీ మాత్రం ఒకటే కావచ్చు. అమీర్‌పేటలో మొదలై అమీర్‌పేటలోనే ముగిసే దారులు అడిగామనుకోండి. ఎసైక్లిక్ అయితే ఒక్క అంచయినా ఉన్న దారి ఏదీ రాదు. సింపుల్ అయితే చక్రం అటు నుంచీ ఇటు నుంచీ వస్తుంది. ఇప్పుడు అమీర్‌పేట నుంచి పక్క స్టేషన్ బేగంపేటకు వెళ్లి, అదే అంచు మీద వెనక్కి వచ్చే దారి చూడండి. అంచుకు దిశ లేదనుకుంటే, సింపుల్ నిర్వచనాన్ని పైన రాసిన మాటల్లోనే అక్షరాలా పాటించినప్పుడు ఇదీ ఒప్పే: మొదటిదీ చివరిదీ ఒకటే, మధ్యలో బేగంపేట ఒక్కసారే వచ్చింది. ట్రెయిల్‌కు మాత్రం ఒప్పు కాదు, ఒకే అంచు రెండుసార్లు వాడారు. సింపుల్ అన్న మాట వినగానే చక్రాలు, సూటి దారులు మాత్రమే మనసులో పెట్టుకున్న ఇంజనీర్ ఈ దారిని వదిలేస్తాడు, అక్షరాలా చదివిన ఇంజనీర్ ఉంచుతాడు. చూశారా, రెండు ఇంజిన్లు, రెండు జవాబులు. ఇలాంటి నిర్వచనం డ్రాఫ్ట్‌లో కనిపిస్తే అడగాల్సింది ఇది: ఈ దారి కావాలా వద్దా? ఏదైనా సరే, నియమం తేల్చి చెప్పాలి.

తెలుగు అక్షరాలు పట్టుకునే లోపాలు

ఇక్కడ మనకు సహజంగానే ఒక పట్టు ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో పరీక్షించినవాళ్లకు కనిపించని లోపాలు తెలుగు పెట్టగానే బయటికొస్తాయి.

"శ్రీ" చూడటానికి ఒకే అక్షరం. అన్ని లిపులకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో అది నాలుగు కోడ్ పాయింట్లు, అంటే నాలుగు సంఖ్యలు: శ, పొల్లు గుర్తు, ర, దీర్ఘపు ఈ గుర్తు. ఆ సంఖ్యలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కు 3 బైట్ల చొప్పున 12 బైట్లు. మరి పొడవు అడిగితే 1, 4, 12లలో ఏది? "మొదటి అక్షరం ఇవ్వు" అంటే శ్రీ వస్తుందా, శ వస్తుందా? కోడ్ పాయింట్లు లెక్కించే ఇంజిన్ శ ఇస్తుంది. డ్రాఫ్ట్‌లో "క్యారెక్టర్" అనే మాట ఎక్కడ వచ్చినా దాని నిర్వచనం దాకా వెనక్కి వెళ్లి, ఈ మూడింటిలో ఏదో తేల్చుకోండి.

ఇంతకంటే పదునైనది మన ఊరి పేరులోనే ఉంది. "హైదరాబాద్"లో మొదటి అక్షరం హై. అందులోని ఐత్వం గుర్తును యూనికోడ్ రెండు విధాలుగా ఒప్పుకుంటుంది: ఒకే కోడ్ పాయింట్‌గా, లేదా ఎత్వం గుర్తు, దాని పక్కన ఐత్వపు పొడవు గుర్తుగా. రెండూ సమానార్థకాలే. మొదటి పద్ధతిలో హైదరాబాద్ 9 కోడ్ పాయింట్లు, రెండో పద్ధతిలో 10. తెర మీద రెండూ ఒకేలా కనిపించాల్సినవే.

ఇప్పుడు డ్రాఫ్ట్‌లో ఇలాంటి నియమం ఉందనుకుందాం:

"రెండు స్ట్రింగ్‌లను మొదటి అక్షరం నుంచి వరసగా పోల్చాలి. అన్ని అక్షరాలూ సమానమైతే స్ట్రింగ్‌లు సమానం."

ఒక పట్టికలో ఊరు అనే కాలమ్, రెండు వరుసలు, రెండింట్లోనూ హైదరాబాద్, ఒకటి 9 కోడ్ పాయింట్లది, ఇంకొకటి 10 కోడ్ పాయింట్లది. ఊరు వారీగా గ్రూప్ బై చేసి కౌంట్ అడగండి. ఒక ఇంజిన్ ఒకే గ్రూపు, కౌంట్ 2 అంటుంది. ఇంకో ఇంజిన్ రెండు గ్రూపులు, ఒక్కోదానికి 1 అంటుంది. రెండూ నియమాన్ని పాటించామనే చెప్పగలవు, ఎందుకంటే అక్షరం అంటే ఏమిటో నియమం చెప్పలేదు. అంతేకాదు, ఒక స్ట్రింగ్ రెండోదానికంటే పొడవైతే ఏం చేయాలో చెప్పలేదు, నల్ వస్తే ఏమవుతుందో చెప్పలేదు, చివర ఖాళీలుంటే లెక్కలోకి తీసుకోవాలో వద్దో చెప్పలేదు. రెండే వాక్యాల్లో నాలుగు సందులు.

బదులు పాఠం రాయడం

"ఈ నియమం స్పష్టంగా లేదు" అని రాసి వదిలేసే కామెంట్ ఎవరికీ ఉపయోగపడదు. ఎడిటర్ నేరుగా అతికించగలిగే పాఠం ఇవ్వాలి. పై నియమానికి నేనైతే ఇలా రాస్తాను:

"ఎస్1, ఎస్2 పోల్చాల్సిన రెండు విలువలు అనుకుందాం. కేస్:
క) ఎస్1 గానీ ఎస్2 గానీ నల్ అయితే ఫలితం అన్‌నోన్.
ఖ) లేకపోతే ఎన్1, ఎన్2 అనేవి వరసగా ఎస్1, ఎస్2ల ఎన్ఎఫ్‌సీ రూపాలు అనుకుందాం. కేస్:
 1) ఎన్1, ఎన్2లలో కోడ్ పాయింట్ల సంఖ్య సమానం కాకపోతే ఫలితం ఫాల్స్.
 2) ప్రతి స్థానంలోనూ ఎన్1, ఎన్2ల కోడ్ పాయింట్లు ఒకటే అయితే ఫలితం ట్రూ.
 3) లేకపోతే ఫలితం ఫాల్స్."

ఇందులో గమనించాల్సినవి కొన్ని. ఎన్ఎఫ్‌సీ అంటే సమానార్థకమైన యూనికోడ్ రూపాలను ఒకే రూపంలోకి తెచ్చే పద్ధతి. ప్రతి విలువకూ ముందే పేరు పెట్టాం కాబట్టి "అది", "ఇది" అనే సర్వనామాల తికమక లేదు. నల్‌ను మొదటే పక్కకు తీశాం కాబట్టి తర్వాతి వాక్యాలు దాని గురించి ఆలోచించనక్కర్లేదు. ప్రతి కేస్‌కూ "లేకపోతే" ఉంది, ఏ విలువలు ఇచ్చినా ఏదో ఒక కొమ్మ పట్టుకుంటుంది. చివరి ఖాళీల గురించి వేరే మాట అక్కర్లేకుండా పోయింది, అవీ కోడ్ పాయింట్లే కాబట్టి లెక్కలోకి వస్తాయి.

అయితే పని ఇక్కడ అయిపోదు, అసలు కష్టం ఇప్పుడే మొదలవుతుంది. సమానత్వం నియమాన్ని కదిలిస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ కదులుతాయి. డ్రాఫ్ట్ మొత్తంలో ఈ సబ్‌క్లాజ్ సంఖ్యను వెతికి, ఎవరెవరు దీన్ని పిలుస్తున్నారో జాబితా రాసుకోండి: గ్రూప్ బై, డిస్టింక్ట్, యూనియన్, యూనిక్, జాయిన్. ఇప్పుడు రెండు హైదరాబాద్‌లూ ఒకే గ్రూపులో పడ్డాయి, సరే. సెలెక్ట్‌లో ఊరు అని అడిగితే 9 కోడ్ పాయింట్ల రూపం బయటికొస్తుందా, 10దా? పొడవు అడిగితే ఒకసారి 9, ఒకసారి 10 రావచ్చు. కొలేషన్ల (స్ట్రింగ్‌లను పోల్చే, వరసపెట్టే నియమాలు) వల్ల ఇలాంటి పరిస్థితి ఎస్‌క్యూఎల్‌లో ఎప్పటినుంచో ఉంది. సమానమైనా ఒకేలా లేని విలువల్లో ఏది బయటికొస్తుందో ఇంప్లిమెంటేషన్ డిపెండెంట్ అని, అలాంటి క్వెరీ ఫలితం స్థిరంగా ఉండకపోవచ్చు అని ప్రమాణం ఒప్పుకుంటుంది. మీ మార్పు ఆ జాబితాలోకి కొత్త క్వెరీలను చేరుస్తోంది. ఆ సంగతి మీరే ముందు చెప్పి, దానికి తగిన వాక్యం కూడా ప్రతిపాదించాలి. సమావేశంలో ఇంకొకరు కనిపెడితే మీ ప్రతిపాదన మొత్తం వెనక్కి వస్తుంది.

రెండో అడ్డంకి పాత ఉత్పత్తులు. నిన్నటిదాకా కోడ్ పాయింట్లను నేరుగా పోల్చి ప్రమాణానికి లోబడి ఉన్న ఇంజిన్, మీ వాక్యంతో రేపటికి లోబడనిది అయిపోతుంది. దాని ఇండెక్సులన్నీ మళ్లీ కట్టుకోవాలి. అలాంటి మార్పుకు ఓట్లు పడవు. వ్యతిరేకించేవాళ్లు చెడ్డవాళ్లని కాదు, వాళ్ల వెనక నడుస్తున్న డేటా ఉంది.

దీనికి దారి చూపే ఉదాహరణ యూనిక్ కన్‌స్ట్రెయింట్ కథలో ఉంది. యూనిక్ కాలమ్‌లో రెండు నల్‌లు ఉండొచ్చా? పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఉండొచ్చన్నాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ కుదరదంది. పాత పాఠం దీన్ని నిక్కచ్చిగా తేల్చలేదు. 2023 ఎడిషన్‌లో ఎఫ్292 అనే ఫీచర్ వచ్చింది: నల్స్ డిస్టింక్ట్ అనో, నల్స్ నాట్ డిస్టింక్ట్ అనో యూజరే రాయొచ్చు. ఏదీ రాయకపోతే ఏమవుతుందనేది ఇంప్లిమెంటేషన్ డిఫైన్డ్. పాతవాళ్లెవరూ తప్పు చేసినట్టు కాలేదు, తేల్చి చెప్పాలనుకున్న యూజర్‌కు మాట దొరికింది. పోస్ట్‌గ్రెస్ అయితే ఈ సింటాక్స్‌ను 2022లో వచ్చిన 15వ వెర్షన్‌లోనే ఇచ్చేసింది. ఆర్డర్ బైలో నల్‌లు ముందా వెనకా అన్న తగువుకూ 2003లో నల్స్ ఫస్ట్, నల్స్ లాస్ట్‌తో ఇదే తరహా పరిష్కారం వచ్చింది.

మన హైదరాబాద్ నియమానికీ ఇదే బాట పడితే మంచిదని నా అభిప్రాయం. పోలికను ఎన్ఎఫ్‌సీ మీద చేయడం ఒక ఐచ్ఛిక ఫీచర్‌గా పెట్టి, కన్ఫార్మెన్స్ రూల్ రాసి, ఏదీ కోరనప్పటి ప్రవర్తనను ఇంప్లిమెంటేషన్ డిఫైన్డ్‌గా వదలాలి. డిపెండెంట్‌గా వదలకూడదు. తన డేటాబేస్ ఊరి పేర్లను ఎలా పోలుస్తుందో మాన్యువల్ చూసి తెలుసుకునే హక్కు తెలుగులో డేటా పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఉండాలి.

కామెంట్ ఫారం నింపడం

ఐఎస్ఓ కామెంట్ ఫారంలో గళ్లు ఇవి: దేశం కోడ్, లైన్ నంబరు, క్లాజ్ నంబరు, పేరా లేదా పట్టిక, కామెంట్ రకం, కామెంట్, ప్రతిపాదిత మార్పు, సెక్రటేరియట్ పరిశీలన. చివరి గడి వాళ్లది, ఖాళీగా వదలండి. రకం మూడు తరహాలు: సాధారణ, సాంకేతిక, సంపాదక. ఫలితం మారే ఏ మార్పయినా సాంకేతికమే, ఒక్క కామా అయినా సరే.

కామెంట్ గడిలో పొడుగు చరిత్ర వద్దు. పట్టిక, క్వెరీ, రెండు చదువుళ్లు, రెండు జవాబులు: ఇవి నాలుగైదు వాక్యాల్లో రావాలి. ఇలా: "జనరల్ రూల్ 3లో అక్షరం అనే మాట కోడ్ పాయింట్‌ను సూచిస్తుందో లేదో నియమం చెప్పడం లేదు. సమానార్థకమైన రెండు యూనికోడ్ రూపాల్లో ఒకే పేరున్న రెండు వరుసల పట్టిక మీద గ్రూప్ బై ఒక చదువుడులో ఒక గ్రూపును, ఇంకో చదువుడులో రెండు గ్రూపులను ఇస్తుంది. ఈ తేడాను అనుమతించాలన్న ఉద్దేశం డ్రాఫ్ట్‌లో ఎక్కడా లేదు." ప్రతిపాదిత మార్పు గడిలో బదులు పాఠం, ఏ వాక్యం తీసేసి ఏది పెట్టాలో సహా.

ఒక కామెంట్‌లో ఒకే లోపం. రెండు కలిపితే ఒకటి ఒప్పుకుని రెండోది వద్దన్నప్పుడు జవాబు గందరగోళంగా వస్తుంది. మార్పు చాలా చోట్లకు పాకితే ఫారం సరిపోదు. అప్పుడు విడిగా ప్రతిపాదన పత్రం రాసి, కామెంట్‌లో దాన్ని సూచించాలి.

ఇంటి దగ్గర సరిచూసుకోవడానికి కనీసం రెండు వేర్వేరు డేటాబేస్‌లలో ఆ పట్టికను నడిపి చూడండి. రెండూ వేర్వేరు జవాబులిస్తే మీ వాదనకు బలం. ఒకే జవాబిస్తే అదీ మంచిదే: అందరూ ఇప్పటికే ఒకలా చేస్తున్నారు కాబట్టి నియమం దాన్నే రాసుకోవచ్చు, పాత ఉత్పత్తులకు ఇబ్బంది ఉండదు. ప్రమాణం ఏమంటుందనేదానికి మాత్రం ఉత్పత్తి ప్రవర్తనను సాక్ష్యంగా తేకండి, దానికి పాఠమే సాక్ష్యం.

జవాబు వచ్చాక

కామెంట్లన్నిటికీ జవాబుల పత్రం వస్తుంది. ఒప్పుకున్నాం, సూత్రప్రాయంగా ఒప్పుకున్నాం, ఒప్పుకోలేదు అనే మూడు రకాల జవాబులు ఎక్కువ. రెండోదాని దగ్గర ఎక్కువ అప్రమత్తంగా ఉండాలి. మీరు చూపిన లోపం నిజమేనన్నారు, కానీ బదులు పాఠం వాళ్లు రాశారు. కొత్త డ్రాఫ్ట్ రాగానే మీ చిన్న పట్టికను ఆ కొత్త పాఠం మీద మళ్లీ నడపండి. మీరు రాసుకున్న జాబితాలో గ్రూప్ బై, డిస్టింక్ట్, యూనియన్, యూనిక్, జాయిన్ ఒక్కోదాని దగ్గరకూ వెళ్లి, సబ్‌క్లాజ్ సంఖ్యలు మారినా సూచనలు సరైనచోటికే వెళ్తున్నాయో లేదో చూడండి. వెనక అనుబంధంలో ఇంప్లిమెంటేషన్ డిఫైన్డ్ అంశాల పట్టిక ఉంటుంది. నియమం మారి ఆ పట్టిక మారకపోతే, తర్వాతి ఓటింగ్‌లో పెట్టాల్సిన మొదటి కామెంట్ అదే.